పదో కాలు

పదకొండేండ్లు కోర్టు గేటు పక్కన
ఇంకొకరి కంప్యూటర్ మీద
ఇంకొకరి పొలాలకు హద్దులు కొట్టినాను.
తూర్పు: మునిరత్నం మామిడి తోపు.
పడమర: పోరంబోకు వంక.
ఈ రాత్రి గ్రీమ్స్‌పేటలో, షట్టరు సగం దించి
నాదంటూ ఒకటి బిగించినాను.

డబ్బా పాతది, పలమనేరులో మూతపడిన నెట్ సెంటరోళ్ళు
తూకానికి అమ్మినారు.
బోర్డు కొత్తది, మద్రాసు నుంచి
బస్సు డ్రైవరు కాళ్ళ దగ్గర కూర్చోని వచ్చింది.
ర్యాము, చీటీ పాట డబ్బు.
పవర్ సప్లై మాత్రం, ఎవరికీ చెప్పలేదు,
కుదువలో ఉండే నా కమ్మలు.

స్విచ్చి నొక్కినాను.
ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగింది,
ఎవరో పిలిస్తే తల తిప్పి
‘నన్ను గాదులే’ అనుకున్నట్టు.

మళ్ళీ నొక్కితే మళ్ళీ అర చుట్టే.
ర్యాము పీకి, రబ్బరుతో దాని పండ్లు తోమి పెట్టినాను.
చీమ కాళ్ళంత వైర్లు
ప్లస్సూ మైనసూ మార్చి మార్చి చూసినాను.
ప్రాసెసరు నెత్తిన పేస్టు తుడిచేసి
బఠాణీ గింజంత మళ్ళీ పెట్టినాను.
వేసవి కరెంటు మీద అనుమానం, ప్లగ్గు మీద అనుమానం,
పదిన్నరకు నా చేతి మీదే.

పక్కంగడి కదిర్వేలన్న షట్టరు కింద వంగి వచ్చినాడు.
బోరు మోటార్లకు వైండింగ్ చుట్టే మనిషి,
గోర్ల సందుల్లో వార్నీషు.
కంప్యూటర్ లోపల ఎప్పుడూ చూసింది లేదు.
ఇప్పుడు గూడా చూడలేదు, విన్నాడు.
“ఇంకోసారి నొక్కుమే.”
అర చుట్టు. టిక్.
“చచ్చిందైతే అసలు కదలదు.
ఇది తిరగబోతా ఉంది, యాడో పట్టుకుంటా ఉంది.
ఇంట్లోంచి బయటికి తీసి చూడు.”

తొమ్మిది స్క్రూలు విప్పినాను,
టిఫిన్ మూతలో తొమ్మిది చప్పుళ్ళు.
అది వచ్చిన అట్టపెట్టె మీదే బోర్డును పండబెట్టి
స్క్రూడ్రైవరు మొనతో రెండు పిన్నుల్ని
ఒకదానికొకటి తాకించినాను.

తిరిగింది.
అట్ట మీద, గోడల్లేకుండా, గిర్రున.
చిన్న కూత ఒకటి.

అంటే బయట బతుకుతుంది,
ఇంట్లో పెడితే ఊపిరి ఆగుతుంది.
విడాకుల అర్జీలు కొట్టిన చేతులివి,
అట్లాంటి పేర్లు నాకు కొన్ని తెలుసు.

కదిర్వేలన్న సెల్లు లైటేసి
ఖాళీ డబ్బాలోకి తల పెట్టినాడు.
“దీనికి కాళ్ళెన్ని?”
“తొమ్మిది.”
“ఈడ పది ఉండాయే.”

ఎవరి బోర్డు కోసమో ఎప్పుడో నాటి
పీకడం మరిచిపోయిన ఇత్తడి కాలు.
నా బోర్డుకు ఆ చోట కన్నమే లేదు.
అది మొయ్యాల్సిన బరువేమీ లేదు, అయినా నిలబడి
వెనక నుంచి వెన్నుకు ఆనుకొని
వచ్చిన కరెంటునంతా నేలపాలు చేస్తా ఉంది.
పవర్ సప్లై బుద్ధిగలది, గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.
నేనేమో సాయంత్రం నుంచి దాన్నే తిడతా ఉన్నా.
ఊరందరి హద్దులూ కొట్టినదాన్ని,
గోరంత ఆక్రమణ, నా ఇంట్లోనే కనబడలేదు.

కటింగ్ ప్లేయరుతో పట్టి తిప్పితే
పాలపన్ను మాదిరి వచ్చేసింది.
“వాషరు కింద ఎప్పుడన్నా పనికొస్తాది” అని
కదిర్వేలన్న జేబులో వేసుకున్నాడు, బీడీకట్ట పక్కన.

మళ్ళీ తొమ్మిది స్క్రూలు.
రోడ్డు మీద పాల వ్యాను పోయేదాకా ఆగి, ఎందుకో,
నొక్కినాను.

అర చుట్టు దాటింది.
చుట్టు దాటింది.
నల్లటి తెర మీద తెల్లగా ఒకే వరుస.

“ఏమని రాసిందిమే?”
“లోపల ఏమీ లేదంట అన్నా.”
“లేకుంటే పెట్టుకుందాంలే,” అన్నాడు
షట్టరు కింద వంగతా.
“పలికింది గదా.”