నలభైనాలుగు

తాడిపత్రి దాటి కడప దారి పట్టినాక
ఎడం పక్క మూడో సున్నం బట్టీ.
మాది కాదు.
మా నాయన కుళ్లాయప్ప అందులో కూలి,
కాలే రాయి మాత్రం తనదే అన్నట్టుండేవాడు.

ఆ ఏడు కొత్త గుమాస్తా దిగినాడు, రంగనాయకులు,
జేబులో రెండు పెన్నులు.
నూరు క్వింటాళ్ల రాయి బట్టీకెక్కింది,
కాలి దిగింది యాభైయారు.
"తక్కిన నలభైనాలుగు ఎవరికమ్మినావు కుళ్లాయప్పా?"
నాయన తన చేతులు చూసుకున్నాడు,
సున్నం తిని పగిలిన చేతులు,
వాటి సందుల్లో ఏమన్నా ఇరుక్కుందేమోనని.
వారం కూలి కోత పడింది.

అదే వారం బళ్లో
వన్నూరమ్మ టీచరు బోర్డు మీద రాసింది
CaCO₃
చదవమంటే అక్షరాలు చదివినాం.
"ఏబీసీడీలు కాదు పిల్లోల్లారా, ఇది చిట్టా.
ఎవరెవరుండారు, ఎంతమందుండారు, అంతే.
పెద్దక్షరం పక్కన చిన్నక్షరముంటే ఇద్దరు కాదు,
ఒక్కడే, పేరు కొంచెం పొడుగు.
కాలి దగ్గర చిన్నంకె ముందున్నోడిది,
ఎనకొచ్చేవోడికి దాంతో పని లేదు.
ఒకటైతే రాయరు.
పేరుందంటే మనిషుండాడనే."
"సున్నా అయితే?" ఖాజావలి లేచినాడు.
"పేరే రాయం. కూర్చో."

కాల్షియం చేతిలో రెండు, క్లోరిన్ చేతిలో ఒకటి,
నీది నాకు, నాది నీకు.
మా చిన్నమ్మది కుండమార్పిడి పెళ్లి,
ఆ లెక్క నాకు చెప్పకనే అర్థమైంది.

రాత్రి నలభై క్యాండిళ్ల బల్బు కింద
పలక మీద కూడినా.
కాల్షియం నలభై.
కార్బన్ పన్నెండు.
ఆక్సిజన్ పదహార్లు మూడు, నలభైయెనిమిది.
మొత్తం నూరు.
తుడిచి మళ్లీ కూడినా, నూరే.
మంటకు తాళలేక
ఒక కార్బన్ రెండు ఆక్సిజన్ల చేయి పట్టుకుని లేచిపోతాది.
పన్నెండూ ముప్పైరెండూ...

"నాయనా, నీ నలభైనాలుగు దొరికింది."
"యాడ?"
బట్టీ మూతి మీద ఆకాశం చూపించినా.
చానాసేపు చూసినాడు.
"గాలికి గూడా తూకముంటాదా మే?"

పొద్దున పలకెత్తుకుని పోయినా గుమాస్తా దగ్గరికి.
రెండో పెన్ను తీసి ఒక్కో అంకె కింద గీత గీసినాడు.
"రాయిలో మన్నుంటాది గదా, ఇంత సరిగ్గా ఎట్లొస్తాది?"
"రాదు సార్. అటూ ఇటూ అవుతాది."
తప్పైందనలేదు.
శనివారం కోసిన కూలి తిరిగొచ్చింది,
పన్నెండు రూపాయలు తక్కువ.
టీచరుకు చెప్తే పకపకా నవ్వింది,
"పన్నెండంటే కార్బనే గదే,
బొగ్గు ఖర్చు రాసుకునుంటాడులే."

ఆ డబ్బుతోనే కుంచె కొన్నాం.
కుండలో సున్నమేసి నీళ్లు పోస్తే
పొయ్యి లేకుండానే కుతకుత ఉడికింది.
నాయన దూరం జరగమన్నాడు,
ఒకసారి చింది ఆయన ఎడమ కంట్లో
ఇప్పటికీ మబ్బు.
Ca(OH)₂ అని చెప్పినా,
ఆ గోడ లోపల ఇద్దరు కట్టుబడి ఉండారు,
బయట రెండు వాళ్లందరికీ వర్తిస్తాదని.
"రేషన్ కార్డు మాదిరి" అన్నాడు.
తల ఊపినా.

ఇల్లు తెల్లగా అయింది.
తడి ఆరేకొద్దీ ఆ పూత
గాలిలోంచి నలభైనాలుగు వెనక్కి తీసుకుంటాది,
నీళ్లొదిలేసి రాయైతాది, మళ్లీ
బోర్డు మీది మొదటి మాటే.
వేలితో గీరితే ఇక రాలదు.

నాయన చేయానించి చూసినాడు.
"అయితే ఈ గోడలోకొచ్చింది మన బట్టీదేనా,
ఇంకెవరిదన్నానా?"
"తెలీదు నాయనా,
గాలి మీద పేర్లుండవు."
"ఊఁ" అన్నాడు.
కుంచె ముంచి,
తలుపు పక్కన పొయ్యి పొగ పట్టిన చోట
రెండో పూత మొదలుపెట్టినాడు.