మోగని ముక్క

మడికొండ నుంచి ఆటోల వస్తది మా ల్యాబుకు చలి,
మూతి మీద తెల్ల పొగతోని, గుండ్రటి డబ్బాల.
యాకూబ్ పాషా దాన్ని బాలింత బిడ్డ లెక్క దించుతడు.
బయట నలభైమూడు.
లోపల సున్నా కింద నూటతొంభైఆరు.
థర్మోకోల్ పెట్టెల పోస్తే సలసల మరుగుతది.
చలి కూడా మరుగుతదని
ఈ నౌకరిల చేరినంకనే తెలిసింది నాకు.

చూపుడువేలంత ముక్కలు, నడుమ ఒక గంటు.
ఎక్కడ విరగాలెనో ముందే చెప్పి పంపినట్టు
ఆ గంటు పెట్టేది నేనే.
పట్టకారతోని తీసినంక అయిదు సెకన్లల్ల
లోలకం దెబ్బ పడాలె.
ఆరో సెకను మా ఎండాకాలం ఖాతాల పోతది.

ఆ దినం నేను మరిచిన కండ్లద్దాలు పట్టుకొని
బాపు వచ్చిండు.
ముప్పైయొక్క ఏండ్లు కాజీపేట జంక్షన్ల
బండి ఆగంగనే చక్రాల మీద సుత్తి కొట్టుకుంట నడిచినోడు.
ఖంగుమంటే సాగనంపు, బొంగురుపోతే ఆపు.
పుష్యమాసం చీకట్ల మఫ్లరు ఒక్క చెవికే చుట్టుకునేటోడు.
రెండోది సర్కారుదట.

మొదలు ఇనుము. ఖంగున రెండయింది,
ఒక తునక బీరువ కిందికి ఉరికింది.
"గొంతు మంచిగున్నది" అన్నడు బాపు.
తర్వాత మెగ్నీషియం. టప్.
"అప్పడం."
ఆఖరుకు లిథియం కలిపిన అల్యూమినియం.

ధబ్.

"పోయింది బిడ్డా. లోపల పగులున్నది."

తీసి చూపిచ్చిన.
గంటు కాడ జరంత నోరు తెరిచింది,
విల్లు లెక్క వంగింది,
రెండు కాలే.

ఇనుముల జరిగే తోవలుంటయి బాపూ,
చలికి అడుగు పడదు.
మెగ్నీషియానికి సులువైన తోవలు మూడే.
దీనికి పన్నెండు, ఎంత గడ్డకట్టిచ్చినా
ఏదో ఒక సందుల నుంచి వరుస జరుగుతనే ఉంటది.

విన్నడో లేదో.
మంచు కరిగి తడిసిన ముక్కను
గోటితోని కొట్టి చెవి కాడ పెట్టుకున్నడు.
చానసేపు.

"మరి నేను ఆపిచ్చిన చక్రాలు?"

అవి ఇనుపయి బాపూ, ఇనుముకు నీ చెవే ఖరారు అన్న.
తల ఊపిండు గని
మెట్లు దిగేటప్పుడు రెయిలింగు కమ్మి కమ్మిని
వేలితోని కొట్టుకుంట దిగిండు.

సాయంత్రం రిజిస్టరుల
ఏడో నంబరు ముక్క ఎదురుంగ
"విరగలేదు" అని రాసిన.
ముక్క మాత్రం
ట్రేల లేదు.