ఐదు ఆంపియర్ల ఇల్లు

ఆటకు మొదట నేను పెట్టిన పేరు ‘వెలుగు పొదుపు’.
పేరు విని నరెగ్ ఆవలించాడు.
పదకొండేళ్ళవాడి ఆవలింతను మించిన
విమర్శ ఎక్కడా రాయబడలేదు.

బీరూట్‌లో, బూర్జ్ హమ్మూద్ సందుల్లో,
చెప్పుల కార్ఖానా నెత్తిన మా బడి.
అట్టపెట్టె విప్పి ఇల్లు గీశాను:
వంటగది, స్నానాలగది, రెండు పడకలు, ఒక బాల్కనీ.
ముక్కలు కత్తిరించి బొమ్మలు వేశాను:
ఫ్రిజ్, ఇస్త్రీపెట్టె, టీవీ, నీళ్ళ మోటారు.
అనవసరంగా వెలిగే దీపం ఆర్పితే రెండు పాయింట్లు.
ఫ్రిజ్ తలుపు తీసి, ఏం తినాలో తోచక నిలబడితే
మూడు కోత.

“మిస్ షోఘిగ్,
అనవసరంగా వెలిగే దీపం అంటే?”
అడిగింది లూసిన్.
వెటకారం కాదు.
నిజంగానే తెలియక.

ఆ రాత్రి పాయింట్లన్నీ రబ్బరుతో చెరిపేశాను.

మా ఊళ్ళో సర్కారు కరెంటు దూరపు చుట్టం.
ఎప్పుడొస్తుందో చెప్పదు,
వచ్చాక కాళ్ళు కడుక్కునేలోపే లేచిపోతుంది.
మిగతా బతుకంతా
వీధి చివర జనరేటరు బెద్రోస్ చేతిలో.
నెలకింత అని కడితే
ఇంటికి ఐదు ఆంపియర్లు.

అందుకే ఐదే గళ్ళు గీశాను.
ఫ్రిజ్‌కి ఒకటి. టీవీకి సగం. మోటారుకి మూడు.
ఇస్త్రీపెట్టె,
పంక్తిలో కూర్చుంటే విస్తళ్ళన్నీ తనవే అనే అతిథి.
గళ్ళు దాటితే టక్.
ఆ టక్ నేను రాసిందే గానీ
నాలుకతో కొట్టి పలికించింది క్లాసంతా ఒకేసారి.

“టక్ అన్నవాళ్ళకి ఒక వంతు పోతుంది” అన్నాను.
ఒప్పుకోలేదు.
ఇంట్లో అయితే ఏం చేస్తాం?
మెట్లు దిగి, మీట ఎత్తి, మెట్లెక్కి రావాలి.
ఇక్కడా అంతే.
ఇక చూడండి, రోజంతా మెట్ల మీద బూట్ల చప్పుడు,
కార్ఖానా మేస్త్రీలు జిగురు చేతులతో బయటికొచ్చి
ఎక్కడ తగలబడిందని అడగడం.

చుట్టం కార్డు లూసిన్ సలహా.
అది పడితే గళ్ళ లెక్క లేదు, అన్నీ పెట్టుకోవచ్చు,
ఇసుక గడియారం జారిపోయేదాకా.
“మా అమ్మ అర్ధరాత్రి లేచి ఇస్త్రీ చేస్తుంది మిస్,
నిద్రలో ఉన్న మా చొక్కాలకి.”
ఇంటికి దీపం ఇల్లాలు అంటారు;
ఆ దీపం ఎన్నింటికి వెలుగుతుందో
అన్నవాళ్ళెవరూ మేలుకుని చూడలేదు.

మూడో వారం,
ఆట మొదలవకముందే నరెగ్
నోటుబుక్కు అట్ట చించి
ఒకటిన్నర గడి మీద పెట్టాడు.
బొమ్మ లేదు, పేరు లేదు.
“ఇది లేవదు” అన్నాడు.
“ఏమిటది?”
“ఆడండి మిస్.”

మిగిలిన మూడున్నరలో సర్దుకున్నారు అందరూ.
ఎవరూ అడగలేదు.
మోటారు వేసేముందు టీవీ తీశారు,
ఫ్రిజ్‌ని కాసేపు పడుకోబెట్టారు,
ఆ ముక్క దగ్గరికి ఏ చెయ్యీ పోలేదు.
పడుకున్న మనిషి మంచం చుట్టూ
నడిచినట్టు ఆడారు.

అప్పుడు నిజంగానే పోయింది కరెంటు.
“టక్!” అని గది గదంతా నవ్వింది.
నరెగ్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు.
ఎదురు వరసలో నాలుగో బాల్కనీ,
పచ్చ పరదా.
పెదాలు కదులుతున్నాయి, ఏవో అంకెలు.
లూసిన్ నా చెవిలో చెప్పింది:
వాళ్ళ తాతకి ఊపిరిచ్చే మిషను,
బ్యాటరీ ఇరవై నిమిషాలు.

వీధి చివర బెద్రోస్ ఇంజను దగ్గి, ఉమ్మి, అందుకుంది.
డీజిలు వాసన.
జీవితంలో మొదటిసారి అది
నాకు మంచి వాసన అనిపించింది.
నరెగ్ తిరిగొచ్చి కూర్చున్నాడు.
“ఎవరి వంతు?”

అచ్చువేసేవాడు ఫోను చేశాడు:
ఒక ముక్క మీద బొమ్మ పడలేదు, పొరపాటా?
అలాగే వెయ్యమన్నాను.
మొదటి నియమం ఇలా రాశాను:
ముందు ఇది పెట్టండి.
ఏమిటో మీ ఇంటికి తెలుసు.

మొన్న ట్రిపోలీ బడి నుంచి తిరిగొచ్చిన పెట్టెలో
ఆ ఖాళీ ముక్క మీద ఎవరో పెన్సిలుతో
చేపల తొట్టె గీశారు,
మూడు చేపలు, బుడగలు,
కింద ‘రెండు ఆంపియర్లు’ అని.
అంత పట్టదు. లెక్క తప్పు.
దిద్దలేదు.