అట్ట చిరిగిన వీరుల జాబితా

మొదటి షరతు: బొమ్మను నా కళ్లతో చూసి ఉండాలి.
ఎవరో చెబితే విన్నవాళ్లు లెక్కలోకి రారు.
రెండో షరతు మధ్యలో తట్టింది, అక్కడే చెబుతాను.

మీకు రద్దీ అంటే జనం.
మా బల్లార్షాలో రద్దీ అంటే చిత్తుకాగితం.
మిల్లు వెనక గేటు దగ్గర రద్దీ షెడ్డు,
నాగపూర్ నుంచి, హైదరాబాద్ నుంచి
లారీల్లో దిగే బేళ్లు.
మా లసుమక్క రోజుకూలీకి ఏరేది:
తెల్లది ఒక పక్క, అచ్చు పడ్డది ఒక పక్క,
పిన్నులు డబ్బాలో,
బొమ్మల పుస్తకం కనబడితే కొంగులో.

అట్టలు ముందే చింపేసి వచ్చేవి,
అమ్ముడుపోనివాటికి అదే శిక్షట.
అందుకని మా వీరులెవరికీ పేర్లు లేవు.
నేనే పెట్టాను, ఎనిమిదేళ్లప్పుడు,
బొగ్గుగని పాత హాజరు పుస్తకం వెనక పేజీల్లో.

ఒకటి, రాగిరెక్క. ఎగరడం వచ్చు, దిగడం రాదు.
ప్రతిసారీ ఏదో ఒక నీళ్లట్యాంకును గుద్దుకుంటాడు.
రెండు, గాజుమనిషి. తూటాలు ఆయనలోంచి దాటిపోతాయి,
తిన్నది మాత్రం అందరికీ కనబడుతుంది,
అందుకే ఎవరి ముందూ తినడు.
మూడు, తాళాలవ్వ. ఊదితే చాలు, ఏ తాళమైనా ఊడిపోతుంది.
దొరికినవి నాలుగు పేజీలే,
అందులో రెండు పళ్లపొడి ప్రకటనలు.
చివరి బొమ్మలో ఆమె ఒక ఇనపతలుపు ముందు
బుగ్గలు నింపుకొని ఉంది.
నాలుగు కొట్టేశాను. వాడే దొంగల నాయకుడని
ఇంకో బేలులో దొరికిన పేజీ చెప్పింది.
గీత కింద పేరు ఇప్పటికీ చదవొచ్చు.

ఏడో నంబరు దగ్గర విఠల్ మడావితో గొడవ.
పచ్చ ముసుగు, ఎడమ చేతిలో మెరుపు.
హిందీ పుస్తకంలో "ఠహర్ జా" అంటాడు,
మరాఠీలో "థాంబ్",
తెలుగులో "ఆగరా దొంగా".
మూడింటిలో మూడు పేర్లు.
"ముగ్గురు" అన్నాడు విఠల్.
"ఒక్కడే. గడ్డం మీది గాటు చూడు" అన్నాను.
"మరి నువ్వెంతమందివిరా?"

ఇంట్లో పోశిగాడిని.
రేషన్ కార్డులో పోషటి.
గురూజీకి నోరు తిరగక
బడి రిజిస్టర్లో ప్రశాంత్.
ఆ రాత్రే రాసుకున్నాను రెండో షరతు:
పేర్లెన్నయినా గాటు ఒక్కటైతే మనిషొక్కడే.

పంతొమ్మిది దాకా వచ్చింది.
లసుమక్కను కూడా రాయమని చెల్లె పోరు పెట్టింది.
అక్కే ఒప్పుకోలేదు.
"నాకు కూలి రావాలె గని నంబరెందుకే?
ఆ ముసల్దానికి తలుపు తెరుసుకున్నదో లేదో
అది సూడు ముందుగాల."

చూడలేదు. మిగతా పేజీలు తొట్టిలో పడ్డాయి.
వాచ్‌మన్ కళ్లుగప్పి ఒకసారి తొంగిచూశాను.
అంబలిలా తిరుగుతున్న కాగితం.
ముందు ఎరుపు పోయింది, తర్వాత నీలం,
చివరికి అందరూ ఒకే బూడిద రంగు.

ఇప్పుడు నాకు స్టేషన్ రోడ్డులో జిరాక్సు దుకాణం.
హాజరు పుస్తకాన్ని చెదలు చదివేశాయి.
కరెంటు లేని మధ్యాహ్నాల్లో
గుర్తున్నంత మేరకు మళ్లీ రాస్తున్నాను,
ఈ ఊరి కాగితం మీదే.
పన్నెండు, పదమూడు ఎవరో ఎంతకీ రావడం లేదు.
విఠల్ చాయ్‌కి వచ్చినప్పుడల్లా
మొత్తం ఇరవై ఒకటంటాడు.

ఇందాక ఒకచోట సిరా పాకింది.
కాగితంలో ఏదో నారో, కరగని ముక్కో.
వెలుతురుకు ఎత్తిపట్టాను.
ఆవగింజలో సగం, పచ్చగా.
ముసుగుదో, పళ్లపొడి డబ్బాదో చెప్పలేను.

ఇరవై, అని వేశాను.
నా కళ్లతోనే కదా చూశాను.
సాయంత్రం విఠల్ వస్తాడు.
గొడవ ఉంది.