చుక్క తర్వాత

మాకు ఇంటిపేరు ముందు.
గడప దాటి లోపలికొస్తేగాని
మనిషి పేరు తెలియదు.
తిలకవతికి ఇంటిపేరే లేదు.
నాన్న పేరులోంచి ఒక్క అక్షరం, పక్కన చుక్క,
ఆ చుక్క వేలు పట్టుకుని తను.
ఫైలుకి మాత్రం ఇంటిపేరు చివర్న.
చుక్క పెట్టి మూడక్షరాలు చెబితేగాని
ఏ ప్రోగ్రామూ తలుపు తీయదు.

వేళచ్చేరిలో మూడో అంతస్తు.
గోడ మీద పాత వరద గీత,
గోడ కింద ట్యాంకరు కోసం బిందెల వరస.
మేం ఏడుగురం, జీతం లేని పని:
నగరంలో ఏ బావిలో నీళ్ళెంత లోతునున్నాయో
ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా చదవొచ్చు,
నచ్చకపోతే కోడు విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు.
కోడు పదకొండు వారాల్లో అయిపోయింది.
పేరు దగ్గర ఆగాం, నాలుగు నెలలు.

నీర్ అందాం, అంది తిలకవతి.
నీరు, అన్నాను నేను.
మా నీటికి చివర కొమ్ముంది,
వాళ్ళ నీటికి నెత్తిన చుక్క.
ఆ ఒక్క కొమ్ముతో ఎంత పొడుచుకున్నామో!
నజీమా విసిగి, పాత యంత్రాలు
మూడక్షరాలకి మించి మింగలేవంది.
కొమ్ము పోయింది, దీర్ఘం పోయింది,
నిర్ మిగిలింది.
నిర్జలంలో ముందు ముక్క.
ఏప్రిల్ వచ్చేసరికి ఆ పేరే సరిపోయింది.

తర్వాత నియమాలు.
అన్నీ చిన్నక్షరాలే.
(మన లిపిలో ఆ బాధ లేదు,
పెద్దక్షరం, చిన్నక్షరం అని ఎవర్నీ విడిగా కూర్చోబెట్టలేదు.)
ఖాళీలు కూడదు,
ఖాళీ కనపడితే యంత్రం పేరుని రెండుగా నరుకుతుంది.
పదానికీ పదానికీ మధ్య దండెంలా కింద గీత కట్టాం.
తేదీ దగ్గర మళ్ళీ తగువు:
మూడు నాలుగంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా?
మా పెదనాన్న సంకల్పం గుర్తొచ్చింది నాకు.
సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి.
పెద్దది ముందు, చిన్నది వెనక.
అలా పేరిస్తే రోజులు వాటంతటవే బారు తీరతాయి.
పూజలు మానేసి ఇరవయ్యేళ్ళు,
వరస మాత్రం నాలుగో నియమంగా రాసిపెట్టాను.

ఇంత చేసీ, పేరు అబద్ధమాడొచ్చు.
ఫొటోకి పట్టిక పేరు పెట్టినా అడిగేవాడు లేడు.
అందుకని ఫైలు మొదట్లో,
ఎవరూ తెరిచి చూడని చోట, నాలుగు బైట్లు చెక్కాం.
పేరు మార్చుకుంటే మార్చుకో,
నుదుటిరాత మాకు తెలుసు.

ఆదంబాక్కంలో సెల్వనాయగం,
పంపులు బాగుచేసి చేసి రిటైరైన మనిషి,
తన ఫైళ్ళకి ఇలా పేర్లు పెట్టేవాడు:
మూడో బావి మోటారు కాలింది చేదతో కొలిచాను
బుధవారం వాన నీళ్ళు తియ్యబడ్డాయి ఇదే చివరిది
నిజంగా ఇదే చివరిది రెండు

ఒక రాత్రి స్క్రిప్టు రాసి నడిపాను.
పదమూడు వందల ఫైళ్ళు, నాలుగు సెకన్లు.
ఊరు, దండెం, బావి అంకె, దండెం, తేదీ, చుక్క, నిర్.
తలలు దువ్వుకుని ప్రార్థనకి నిలబడ్డ బడిపిల్లల్లా ఉన్నాయి.
నాకెంత ముచ్చటేసిందో.

పొద్దున్నే ఆయన ఫోను. కోపంగా కాదు.
"అమ్మా, నీళ్ళు తియ్యబడ్డ రోజు ఏది?"
లోపల వెతికాను.
లోతుంది, మీటర్లలో, రెండు దశాంశాల దాకా.
తీపికి గడి లేదు.
రుచి అంతా పేరులో పెట్టుకున్నాడాయన,
పేరు నేను కడిగేశాను.

పాత ప్రతి ఉంది, వెనక్కి తిప్పాను,
అదేం పెద్ద పని కాదు.
పట్టిక చివర ఒక గడి చేర్చాను, మాట అని.
ఏ లిపైనా సరే, ఖాళీలుండొచ్చు, ఎంత పొడుగైనా.
యంత్రం దాన్నేం చేసుకుంటుంది, అంది నజీమా.
ఏమీ చేసుకోదన్నాను.

మర్నాడు ఆదంబాక్కం నుంచి కొత్త ఫైలు.
పేరులో ఒక్క తప్పు లేదు, తేదీ సంకల్పం వరసలో ఉంది.
మాట గడిలో:
చెప్పుకోడానికేం లేదు.
తాడుకి ఇంకో మూర కట్టాను.