ఏడో ముద్ద

దోర్నాల రోడ్డు పక్క కాలనీలో
మా అవ్వ పోతమ్మ ఇప్పటికీ
పొయ్యి వెలిగించే ముందు గుమ్మం వైపు చూస్తుంది.
ఎవరన్నా వస్తారని కాదు,
ఎవరన్నా చూస్తున్నారేమోనని.

నల్లరాళ్లపెంటలో మా కుండకు కొలత లేదు.
జొన్న సంకటి కెలికితే
మొదటి ముద్ద గారెలమైసమ్మకు,
చివరి ముద్ద అడవికి.
అడవికంటే, చీకట్లో దారి తప్పి వచ్చే ఎవరికైనా.
ఒకసారి కాలు బెణికిన ఫారెస్టు గార్డుకి కూడా.

తర్వాత రాత్రుళ్లు అన్నలొచ్చారు.
పగళ్లు పోలీసులొచ్చారు.
ఇద్దరికీ ఆకలేసింది, ఇద్దరూ మా సంకటే తిన్నారు.
లెక్క మాత్రం ఒకరే అడిగారు:
"ఇంట్లో ఐదుగురు. ముద్దలు ఏడేందిరా?"

ఏడో ముద్దకి జవాబు చెప్పలేక
మా తాత ఈదన్న జీపెక్కాడు.
పదకొండు రోజులకి దిగాడు.
మళ్లీ ఆ చెయ్యి గడ్డపార పట్టలేదు.

సంతలో నూకలు కొంటే చీటీ,
నూనె ఎక్కువ కొంటే స్టేషను.
ఆ ఏడు అవ్వ మైసమ్మ ముందు
వట్టి మోదుగాకు పరిచి దండం పెట్టింది.
"తల్లీ, నువ్వూ లెక్కలోకొస్తున్నావే!"

మమ్మల్ని కిందికి దించారు, మీ మేలుకే అన్నారు.
రేకుల ఇల్లు. కార్డు. తలకి ఐదు కిలోలు.
తెల్లన్నం తొందరగా అరుగుతుంది,
ఆకలి అరగదు.
చింతపండులో చింతబెరడు బూడిద కలిపి నాకుతుంటే
మార్కాపురం నుంచొచ్చిన మేడమ్
పిల్లలు మట్టి తింటున్నారని రాసుకుపోయింది.

నేనిప్పుడు అంగన్‌వాడీలో ఆయాని.
పద్దెనిమిది గుడ్లు, పద్దెనిమిది పేర్లు.
ఒక్క గుడ్డు తేడా రాదు నా చేతిలో.
"చెంచుపిల్లవైనా లెక్కల్లో గట్టిదానివే"
అని సూపర్‌వైజర్ మెచ్చుకుంది.
ఏ బడిలో నేర్చుకున్నానో చెప్పలేదు.

మొన్న వాన వెలిశాక
అవ్వా నేనూ పుల్లలకని కంచె దాటి వెళ్లాం.
వాగు గట్టున నూలగడ్డ తీగ కనపడింది.
కూలబడి, వేళ్లతోనే తవ్వింది.
గడ్డ విరిచి,
తీగ తలకాయ మళ్లీ గుంటలో పెట్టి
మట్టి కప్పి, అరచేత్తో తట్టింది
బిడ్డని నిద్రపుచ్చినట్టు.

"ఎందుకవ్వా? మనం మళ్లీ ఈ పక్కకి వస్తామా?"
"మనకని అన్నానా?" అంది.

గడ్డలు నాలుగు.
ఇల్లు చేరేలోపు
చెంగు విప్పి ఎన్నిసార్లు లెక్కపెట్టానో నేను.
ఆమె ఒక్కసారి కూడా.