దారి ఆకు

నా సంచిలో గాజుగుడ్డ ఉంది, అయోడిన్ ఉంది,
ఆసుపత్రి ముద్ర వేసిన కత్తెర ఉంది.
సాల్మె వాటిని తీయనివ్వలేదు.
"ముందు నీ మడమ చూపించు" అంది.

ముహు దీవిలో ఫెర్రీ దిగి
నాలుగు కిలోమీటర్లు కొత్త బూట్లతో నడిచాను,
ఆమె కాలిపుండుకు కట్టు మార్చాల్సిన నర్సుని.
బొబ్బ చిట్లి మేజోడుకు అతుక్కుంది నాకే.

వంగలేని మనిషి వంగింది.
బావికీ గుమ్మానికీ మధ్య బాటలో
చెప్పుల కింద నలిగి నేలకంటుకున్న ఆకునొకదాన్ని తెంపింది.
తొడిమ తుంచి లాగితే
ఈనెల్లోంచి దారాలు వేలాడాయి.
"ఎన్ని దారాలుంటే అన్ని అబద్ధాలాడినట్టని
మా అమ్మ లెక్కపెట్టేది. నీవి మూడు.
పర్లేదులే, గవర్నమెంటు మనిషివి."

మా భాషలో తేలెహ్త్ అంటాం, దారి ఆకు.
దారికి తప్ప ఇంకెవరికీ పుట్టనట్టు.

నునుపు వైపు ఆనిస్తే మాన్పుతుందట,
ఈనెల వైపు ఆనిస్తే లాగుతుందట
చీమునూ, ముల్లునూ, కందిరీగ కొండినీ.
గాలం దిగిన బొటనవేలికి తిరగేసి కట్టుకుని
వాళ్ళ చిన్నాన్న వారంపాటు
సముద్రాన్ని తిట్టాడట.

నూరకూడదు, నమలాలి. ఉమ్మి కలవాలి.
నా చదువు ఇక్కడ అడ్డం చెప్పాలి.
చెప్పలేదు.
ఆమెకు మిగిలినవి నాలుగు పళ్ళు, నన్నే నమలమంది.
వగరు, పచ్చివాసన, చివర్న కాస్త పుట్టగొడుగు.

అప్పుడు, అడక్కుండానే,
నలభై తొమ్మిది మార్చి సంగతెత్తింది.
పదహారేళ్ళట. పశువుల పెట్టెలో రెండు వారాలట.
దిగిన చోట మాట తెలీదు, చెట్టు తెలీదు.
మంచు కరిగాక,
బరాకుల నుంచి పాకల దాకా
జనం తొక్కీ తొక్కీ గట్టిపడిన బాట అంచున
ఇదే ఆకు.
"మాకంటే ముందే వచ్చి కూచుంది.
దాన్నెవరు పట్టుకొచ్చారో, ఏ నేరానికో."
పక్క బరాకులో కల్మీకు ముసలామెతో
ఒక్క మాటా కలవలేదు.
ఆమె కూడా నమిలే పెట్టింది.

ఎనిమిదేళ్ళకి తిరిగొస్తే
పైకప్పు సగం ఉంది. బావి ఉంది.
వాకిట్లో నడుమెత్తు గడ్డి.
దారి ఆకు ఒక్కటి లేదు.

"తొక్కకపోతే బతకదది.
నాకూ అప్పటిదాకా తెలీదు.
కాలు ఆడని చోట
పొడుగు గడ్డి దాన్ని మింగేస్తుంది."

అందుకని నడిచిందట.
పనున్నా లేకున్నా, గుమ్మానికీ బావికీ,
ఇంట్లో నీళ్ళు నిండుగా ఉన్నా ఖాళీ బకెట్టుతో.
అక్కడే మతి వదిలేసి వచ్చిందనుకున్నారు ఇరుగుపొరుగు.
రెండో ఏడు జూన్‌లో
సరిగ్గా మడమ పడే చోట
చొక్కా గుండీ అంత ఆకు.

కట్టు మార్చనిచ్చింది చివరికి.
గాజుగుడ్డ మీద గాజుగుడ్డ,
అన్నిటి కింద, పుండుకి కాస్త ఎడంగా, ఆమె ఆకు.
అంతకుమించి బేరం కుదరలేదు.
రిజిస్టర్లో రాశాను: అయోడిన్, గాజుగుడ్డ.
నాలుగో దారం.

బయల్దేరుతుంటే కేకేసింది:
"బావి మీదుగా పో.
నేనిప్పుడు రోజుకొక్కసారే నడవగలుగుతున్నా."

రెండుసార్లు తిరిగాను,
కుంటుతూ,
బూటు గట్టిగా ఆనిస్తూ.